పొద్దుకు ఎర్ర దారం, మాపుకు నల్ల దారం

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. పొద్దున ఏడు గంటలకు నాకు అప్పజెప్పిన మాటను సాయంత్రం అయిదు గంటలకు చేరవేసి, "ఇప్పుడే చెప్పి పంపింది" అన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇంతకాలం రాయకుండా దాటేసిన ఈ మాటను ఈ రోజు రాయడానికి కారణం, నా బల్ల మీద పడి ఉన్న జానెడు ఎర్ర దారం. తండా ఆడవాళ్లు రవికెల మీద అద్దాలు కుట్టే ముతక దారం అది. నిన్న సాయంత్రం సూర్యాపేటలో ఒకామె కత్తెరతో దాన్ని నా మణికట్టు మీది నుంచి కోసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కట్టెల పొగ వాసన, కొంచెం ఆముదం వాసన, వాటి అడుగున ఎక్కడో పశువుల కొట్టం వాసన. ఆ మూడో వాసన నిజంగా ఉందో, నేనే ఉందనుకుంటున్నానో తెలియదు.

మా ఊరు త్రిపురారం దాటి కాలువ కట్ట వెంట రెండు మైళ్లు పోతే వస్తుంది. ఎనభైలలో ఆ కట్టే మాకు బాట. కాలువకు నీళ్లు వదిలిన రోజు ఊరు ఊరంతా చల్లబడినట్టుండేది. ఎర్రటి నీళ్లు నురగ కక్కుతూ వస్తుంటే వాటికి ఎదురుగా మేము కట్ట మీద పరుగెత్తేవాళ్లం. కార్తీకం వెళ్లేసరికి వరి కోతలు మొదలయ్యేవి. కోసిన మడి నుంచి వచ్చే పచ్చి గడ్డి వాసన, కల్లంలో ఒంటికి పట్టే నూగు దురద, కంకుల మధ్య దొరికే ఎండ్రకాయలు, కూలోళ్లు చెట్ల కింద విప్పుకున్న సద్దిమూటల్లోంచి ఘాటుగా వచ్చే పచ్చిమిరప తొక్కు వాసన. మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చిన లారీలు వడ్లు ఎత్తుకుపోయేవి. తిరిగి వచ్చేటప్పుడు నాయన వాటి మీదనే పశువులకు తవుడు బస్తాలు తెప్పించేవాడు. కొత్త తవుడు బస్తా విప్పితే ఇల్లంతా కమ్మగా, అప్పుడే వేయించిన పేలపిండిలాగా వాసన కొట్టేది. నేను గుప్పెడు బొక్కి అమ్మ చేత తిట్లు తిన్న రోజులున్నాయి.

కాలువ కట్టకు అవతలి వైపు తండా ఉండేది. కోతలకూ నాట్లకూ మా పొలానికి వచ్చేది తండా వాళ్లే. ఇంట్లో వాళ్ల భాష, మాతో తెలుగు, రెండూ తడబడకుండా మాట్లాడేవాళ్లు. వాళ్లలో కమ్లి అనే ఆమె మా అమ్మ కంటే రెండేళ్లు పెద్దది. అయినా నేను "ఏ కమ్లీ" అనే పిలిచేవాణ్ణి. మా ఇంటి మగపిల్లలందరం అట్లానే పిలిచేవాళ్లం. అది తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా తెలుసుకోవలసిన వయసే నాది.

నాయన వేపపుల్ల నములుతూ రేడియోలో వ్యవసాయ కార్యక్రమం వినేవాడు. అందులో ఏది చెప్తే అది మా కొట్టంలో జరగాల్సిందే. అట్లా వచ్చిందే ఎర్ర పెయ్య. దాని తల్లికి కోడెతో పని లేకుండా జెర్సీ జాతి సూది వేయిస్తే పుట్టింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ ఉంటే మేము సుక్క అని పిలిచేవాళ్లం. మా దగ్గర పశువులు ఎక్కువై దాన్ని కమ్లికి పాలుకిచ్చాడు నాయన. పాలుకివ్వడమంటే, సాకడం వాళ్ల వంతు. పెయ్య పెరిగి ఈనిన తర్వాత తల్లి మాకు తిరిగి వస్తుంది, మొదటి దూడ సాకినవాళ్లది. కమ్లి ఇంట్లో మేకలు తిరిగినయి, కోళ్లు తిరిగినయి గాని సొంత ఆవు ఎప్పుడూ లేదు. ఆ పుట్టబోయే దూడ కోసం ఆమె రెండేళ్లు గట్ల మీద గడ్డి కోసి సుక్కను మేపింది. తను తాగాల్సిన గంజి దానికి పోయడం నేను కళ్లారా చూశాను.

సుక్క ఎదకు వచ్చే వయసయింది. ఊళ్లో దేశవాళీ కోడెలు ఉన్నా, మళ్లీ మంచి జాతి సూదే పడాలని నాయన పట్టు. సూది వేసేది త్రిపురారం పశువుల దవాఖానలోని యాదగిరి కాంపౌండర్. నా బడి ఆ దవాఖాన పక్కనే. కాబట్టి పెయ్య ఎదకు వస్తే కమ్లి నాకు చెప్పాలి, నేను కాంపౌండర్‌కు చెప్పాలి. ఇంతే నా పని.

కోతలు సగమైన రోజుల్లో ఒక పొద్దున, మంచు ఇంకా కాలువ మీదనే ఉండగా, కమ్లి కట్ట మీద నాకోసం నిలబడి ఉంది.

"సిన్న పటేలా, సుక్క ఎదకొచ్చింది. రాత్రంత ఒకటే అరుపు, తెల్లారంగ ఎనక జిగురు తీగ ఏసింది. సారుకు జెప్పు, మర్సిపోకు."

మరచిపోలేదు. నేరుగా దవాఖానకే పోయాను. అరుగు మీద పది మంది మగవాళ్లు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. కాంపౌండర్ బోనులో నిలబెట్టిన బర్రెకు మందు తాగిస్తూ, తల తిప్పకుండానే "ఏంరా?" అన్నాడు.

"పెయ్య... వచ్చింది" అన్నాను.

అరుగు మీది ముసలాయన ఒకడు అందుకున్నాడు. "ఏడికొచ్చింది పటేలు కొడుకా? బడికా? నీ పక్కన కూసోపెడ్తవా?"

అందరూ పగలబడి నవ్వారు. నా క్లాసువాళ్లు ఇద్దరు గేటు దగ్గర నిలబడి అది విన్నారు. నా చెవులు కాలిపోయాయి. "ఏం లేదు" అని బడిలోకి పరుగెత్తాను. సాయంత్రం బడి విడిచాక, అరుగు ఖాళీ అయిందని చూసుకొని, మళ్లీ పోయాను. ఫినాయిల్ వాసన మధ్య కాంపౌండర్ ఒక్కడే చేతులు కడుక్కుంటున్నాడు. ఈసారి గబగబా చెప్పేశాను.

"ఎప్పుడు సూసిందంట?"

పొద్దున అంటే, పొద్దుననే ఎందుకు చెప్పలేదంటాడు. అందుకని "ఇప్పుడే చెప్పి పంపింది, బడి కాడికి" అన్నాను.

"అయితే రేపు పొద్దుగాల వస్త. పొద్దున సూస్తే మాపటికి ఎయ్యాలె, మాపు సూస్తే తెల్లారి ఎయ్యాలె. గది లెక్క."

అనుకున్నట్టే తెల్లవారి వచ్చాడు. పొగలు కక్కే డబ్బాలోంచి సన్నని గొట్టాన్ని తీసి, లోటాలో గోరువెచ్చని నీళ్లల్లో ముంచి, భుజం దాకా చేతికి తొడుగు వేసుకొని పని ముగించాడు. కమ్లి అతనికి చెంబుతో నీళ్లిచ్చి, సుక్క వీపు మీద అరచేతితో మెల్లగా చరిచింది. నేను జామకాయ కొరుకుతూ చూశాను. ఏ భయమూ కలగలేదు.

ఇరవై ఒక్క రోజులకు సుక్క మళ్లీ ఎదకు వచ్చింది. సూది నిలవలేదన్న మాట. కమ్లి మళ్లీ పొద్దున చెప్పింది. నేను ఈసారి దవాఖాన గేటు దాకా కూడా పోలేదు. సాయంత్రమే పోయి, మళ్లీ "ఇప్పుడే" అన్నాను. మూడోసారీ అంతే. మొదటిసారి సిగ్గు చేత ఆడిన అబద్ధం, రెండోసారి సులువుగా వచ్చింది, మూడోసారి అలవాటుగా వచ్చింది.

కమ్లి చేయని ప్రయత్నం లేదు. శనగలు మొలకెత్తించి పెట్టింది. ఉప్పు నాకించింది. కడుపులో పురుగులు పోయే మందు తెచ్చి వెదురు గొట్టంతో తాగించింది. ఎవరో చెప్తే చింతాకు నూరి పెట్టింది, ఇంకెవరో వద్దంటే మానింది. తండాలో మాట పుట్టింది, "కమ్లి చెయ్యి మంచిది గాదు, ఆమె కట్టేసిన పెయ్యకు సూలు నిలువదు" అని. అంతకుముందు ఎవరి మేక ఈనకపోయినా ఆమెనే పిలిచేవాళ్లు. ఇప్పుడు పిలవడం మానేశారు.

నాలుగోసారి సుక్క అరుపు మొదలుపెట్టినప్పుడు ఆమే మా ఇంటికి వచ్చి చెప్పింది. నాయన కాంపౌండర్‌ను పిలవనివ్వలేదు.

"గొడ్డు పెయ్య అది. ఇగ ఎన్నిసార్లు పొడిపిస్తం? సూర్యాపేట అంగడికి తోలుత."

అంగడికి తోలితే గొడ్డు పెయ్యను కొనేది ఎవరో, అది ఎక్కడికి పోతుందో నాకూ తెలుసు. కమ్లి గుమ్మం దగ్గరే నిలబడింది.

"రెండేండ్లు మేపిన పటేలా. ఒక్కసారి మిర్యాలగూడ పెద్ద డాక్టరుకు సూపియ్యి. ఆయన గొడ్డుదంటే నేనే తాడు పట్టుకొని అంగడి దాక నడిసొస్త."

నాయన చాలాసేపు వేపపుల్ల నమిలి, సరే అన్నాడు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన డాక్టరు గారి సొంతూరు కోదాడ దగ్గర. మాటకు ముందు "అమ్మా", వెనక "అండి". స్కూటరు దిగి మా ఇంట్లో మజ్జిగ తాగి, యాదగిరిని కూడా పిలిపించి, కమ్లి కొట్టంలో తొందరపడకుండా మొదలుపెట్టాడు. పెయ్య పళ్లు చూశాడు, కనురెప్ప తిప్పి చూశాడు, పేడను పుల్లతో కదిపి చూశాడు. మేత ఏమిటి, నీళ్లెక్కడ, ఎన్ని రోజులకోసారి ఎదకు వస్తుంది, తీగ తెల్లగా అద్దంలా ఉంటుందా, చీములా ఉంటుందా, అన్నీ అడిగాడు. కమ్లి తడుముకోకుండా చెప్పింది. తర్వాత తొడుగు వేసుకొని చేయి పెట్టి, కళ్లు మూసుకొని, లోపలి నుంచి ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు. మేమందరం ఆయన మొహమే చూస్తున్నాం.

"గర్భసంచి శుభ్రంగా ఉందండి. ఏ లోపమూ లేదు" అన్నాడు. తర్వాత కాంపౌండర్ వైపు తిరిగి, డబ్బాలో చలి తగ్గలేదు కదా, నీళ్లు మరీ వేడిగా లేవు కదా అని అడిగాడు.

యాదగిరికి రోషం పొడుచుకొచ్చింది. "నా చేతి మీద అనుమానమా సార్? గిదే డబ్బల నుంచి నిడమనూరుల ఏసిన. అన్నీ కట్టినయి. కావాల్నంటే పోయి సూడున్రి."

"అనుమానం కాదయ్యా, ఒక్కొక్కటే తీసేస్తున్నాను. ఇక మిగిలింది వేళ. ఏమ్మా, ఎద ఎప్పుడు చూశావు?"

"తెల్లారంగ సార్. మూడు సార్లు తెల్లారంగనే."

"లేదు సార్, మాపటికి సూసిందని జెప్పిన్రు. అందుకే తెల్లారి ఏసిన" అన్నాడు యాదగిరి.

నాయనకు కోపం వచ్చింది. "తండోళ్లకు గడియారమెక్కడిది సార్? పొద్దేదో మాపేదో ఈమెకేం తెలుసు!"

కమ్లి కొంగు సవరించుకుంది. "గడియారం లేదు గని సూర్యుడుండె గదా పటేలా. ఆయన తూర్పు దిక్కున ఉండంగనే జెప్పిన."

ఎవరికి చెప్పిందో ఆమె చెప్పలేదు. నా వైపు ఒక్కసారి చూసి, పెయ్య మెడ మీద చేయి వేసుకొని నిలబడింది. సుక్క తోకతో ఈగలను కొట్టుకునే చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఆ కొట్టంలో అబద్ధాలకోరుగా నిలబడింది కమ్లి. ఇంకొక క్షణమైతే నాయన నోటి నుంచి అంగడి మాట మళ్లీ వచ్చేది.

"నాకే జెప్పింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పొద్దున్నే జెప్పింది. నేను మాపటికి పోయి ఇప్పుడే అని జెప్పిన. మూడు సార్లు."

నాయన చేయి లేచింది. డాక్టరు గారు మాత్రం నవ్వేశాడు. రోగం దొరికిన వైద్యుడి నవ్వు అది. "పెయ్యకి జబ్బు లేదండి. ఈ అబ్బాయి మాట వల్ల ప్రతిసారీ పన్నెండు గంటలు ఆలస్యమైంది." తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, అందరూ వినేటట్టుగానే అన్నాడు. "నువ్వు సాయంత్రం పోవడం వల్ల ఏమీ చెడలేదు, తెలుసా? 'పొద్దున చూసింది, నేనే ఇప్పుడొచ్చాను' అని ఉంటే ఈయన అప్పుడే పరిగెత్తేవాడు. సరిగ్గా వేళకి పడేది. ఆలస్యం కాదు బాబూ, ఆ 'ఇప్పుడే' అన్న మాట చెడగొట్టింది."

ఆ మాట నేను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తలచుకున్నానో చెప్పలేను.

కమ్లి కొట్టంలో చతికిలబడి, మొహం కొంగులో దాచుకొంది. ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీస్తే నవ్వుతోంది, కళ్లల్లో నీళ్లూ ఉన్నాయి. నాయన చేయి ఇంకా దిగలేదు. "కొట్టకు పటేలా. రేపటి సంది వీని కాళ్లతోటి నాకు పనున్నది" అంది. యాదగిరి కూడా నవ్వాడు. నాయన చేయి దించి, "ఒక్కసారి. ఇగ గిదే ఆఖరు" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించింది. చాలా రోజులుగా సయించడం లేదని అప్పుడే తెలిసింది.

కమ్లి నా కాళ్లను నమ్మింది గాని నోటిని నమ్మలేదు. వచ్చే ఎద రోజున, ఇంకా చీకటి విడవకుండానే, నా కుడి మణికట్టుకు ఎర్ర దారం రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేసింది. పొద్దున చూస్తే ఎర్రది, మాపు చూస్తే నల్లది. ఆ సంగతి ముందే పోయి యాదగిరికి చెప్పి వచ్చింది. "ఆ ముడి సారే కొయ్యాలె. కొయ్యకుండ ఇంటికొచ్చినవంటే ఊరంతటికి తెలుస్తది."

దవాఖాన అరుగు మీద ఆ రోజు కూడా బీడీలు కాలుతున్నాయి. నేను నడిమధ్యన నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా అన్నాను. "సార్, మా కమ్లత్త పెయ్య ఎదకొచ్చింది. పొద్దున సూసింది." అత్త అన్న మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ముసలాయన ఏదో అన్నాడు, అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. యాదగిరి బ్లేడుతో దారం కోసి, ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి అతని సైకిలు తండా దగ్గర ఆగి ఉంది.

తర్వాత ఇరవై ఒకటో రోజు, మంచం దిగి పరుగెత్తాను. కమ్లత్త కట్ట మీదనే ఎదురొచ్చి, అరచేయి అడ్డంగా ఊపింది. పెయ్య రాత్రి అరవలేదు, తీగ లేదు. సుక్క నెమరు వేసుకుంటూ పడుకొని ఉంది. మే నెల సెలవుల్లో డాక్టరు గారు వచ్చి చేయి పెట్టి చూసి, "మూడు నెలలమ్మా" అన్నప్పుడు నా గుండె మీది నుంచి వడ్ల బస్తా దించినట్టయింది. అప్పటిదాకా ఆ బరువు ఎత్తుకు తిరుగుతున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆమె మొహం చూస్తే కాదని తెలిసింది.

ఇంకా ఒకటి మిగిలి ఉంది. ఆషాఢంలో తండావాళ్లు సీత్లా పండుగ చేస్తారు. ఊరి బయట అమ్మవారి ముందు గుడాలు పెట్టి, మందను ఆ దారిలో దాటిస్తారు. పశువులు సల్లగ ఉండాలని మొక్కు. ఉడికిన జొన్న గుడాల ఆవిరి, వేపాకు, వాన తడిసిన గొర్రెల వాసన, అద్దాల రవికెల మీద మబ్బు వెలుతురు. మంద ముందు కమ్లత్త లేదు, ఎక్కడో వెనక సుక్క తాడు పట్టుకొని నిలబడింది. చెయ్యి మంచిది కాదన్న మాట ఇంకా పోలేదు. ఆడవాళ్ల మధ్యకు పోయి జరిగిందంతా చెప్పాను. తప్పు ఆమె చేతిది కాదు, నా నోటిదని చెప్పాను. పటేలు కొడుకు గిట్ల చెప్తున్నడేందని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలమ్మ నా దోసిట్లో గుడాలు పోసి, వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఏదో కేక వేసింది. మంద విడిపోయి దారి ఇచ్చింది. సుక్క ముందుకు నడిచింది.

మళ్లీ కోతల కాలానికి సుక్క ఈనింది. ఎర్రటి పెయ్యదూడ, నుదుట అదే బిళ్ల. కమ్లత్త ఆకు దొన్నెలో మొదటి జున్ను తెచ్చి నాకే ఇచ్చింది. దాంట్లో బెల్లం కంటే మిరియం ఎక్కువైంది. కళ్లల్లో నీళ్లొచ్చినా వదలకుండా తిన్నాను. పదో తరగతి దాకా తండాలో ఎవరి ఆవు ఎదకు వచ్చినా నా మణికట్టుకు దారం పడేది. కోసిన ముక్కలన్నీ కంపాస్ డబ్బాలో దాచుకొనేవాణ్ణి. తొంభైలలో చదువు కోసం సూర్యాపేట వచ్చి, ఇక్కడే ఉద్యోగమై, ఇళ్లు మారడంలో ఆ డబ్బా పోయింది.

నిన్న చాలా ఏళ్లకు తండాకు పోయాను. కొట్టాలు లేవు, వాటి స్థానంలో బండ్లు నిలిపే రేకుల షెడ్లు. వరిని ఇప్పుడు మిషనే కోస్తుందట, గడ్డి పొలంలోనే కాలబెడతారట. ఉన్న నాలుగు ఆవులకూ ఫోను చేస్తే మోటారు సైకిలు మీద మనిషి వస్తాడు. కబురు పట్టుకొని పరుగెత్తే పిల్లలతో ఎవరికీ పని లేదు. టీలోకి పాల ప్యాకెట్ తెచ్చారు.

కమ్లత్త తన కొడుకు కట్టిన స్లాబు ఇంటి ముందు మంచం మీద కూర్చొని ఉంది. జుట్టంతా నెరిసింది, నవ్వు మాత్రం అదే. నలభై ఏళ్లుగా అడగాలనుకున్నది అడిగాను. ఆ రోజు కొట్టంలో, అంత మాట పడుతూ కూడా, నా పేరు ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడాలనేనా?

ఆమె పడీ పడీ నవ్వింది. "నిన్ను కాపాడుడా! మనసుల పది దాక లెక్కపెడుతున్న కొడుకా. పది లోపల నువ్వు నోరు తెరువకుంటే నేనే తెరుస్తుంటి. ఏడు కాడ తెరిసినవ్."

నేనూ నవ్వాను. ఇంతకాలం ఆమె ఓర్పుకు ఎంత రుణపడ్డానో అనుకుంటూ తిరిగాను. నాకు దొరికింది ఏడు దాకా లెక్కపెట్టేంత సమయమే. ఎందుకో అదే బాగుందనిపించింది.

బయలుదేరుతుంటే ఆపింది. సూర్యాపేటలో ఉండే కూతురు బుజ్జి పనిలో ఉంటే ఫోను ఎత్తదట. ఆదివారం తండాలో తీజ్ పండుగకు ఆడపిల్లలు మొలకలేసే గోధుమలు నానబోస్తున్నరు, పిల్లను తోల్కొని రమ్మని చెప్పాలట. చెప్పి ఊరుకోలేదు. రవికె కుట్టే డబ్బా తెప్పించి, కళ్లు చికిలించి, నా మణికట్టుకు ఎర్ర దారం రెండు చుట్లు చుట్టింది.

త్రిపురారంలో మధ్యాహ్నం దాటేదాకా బస్సు దొరకలేదు. సూర్యాపేటలో బస్సు దిగి ఇంటికి పోలేదు. బుజ్జి ఇల్లు వెతుక్కుంటూ దారి తప్పి, ఒక గల్లీకి బదులు ఇంకో గల్లీలో తిరిగి, ఆలస్యంగా చేరాను. మాట చెప్పాను. "మీ అమ్మ పొద్దున పదింటికి జెప్పింది. నేనే ఇప్పుడొచ్చిన" అని కూడా చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు గాని, చేయి చాపితే నవ్వి, లోపలికి పోయి కత్తెర తెచ్చింది.